సెల్ఫ్ పోర్ట్రెయిట్ స్కూల్ ఛార్టులా ఎందుకు కనిపిస్తోంది? కాస్త పెద్ద జవాబు

మీరు అడిగింది ఇదీ. నాన్న వాళ్లది పోచంపల్లి వైపు నేత ఇల్లు, ఆయన మగ్గం వదిలి హైదరాబాద్ వచ్చి ప్రైవేటు ఉద్యోగంలో చేరారు. అమ్మ పుట్టి పెరిగింది లాల్ దర్వాజాలో, ఇంట్లో తెలుగు, వీధిలో దక్కనీ ఉర్దూ, కోపం వస్తే రెండూ. మీరేమో కొండాపూర్‌లో సాఫ్ట్‌వేర్, రోజంతా ఇంగ్లీషు. వీటన్నిటి మధ్య నేనెవరిని అనుకుంటూ రెండడుగుల ఎండీఎఫ్ (చెక్కపొడి అదిమి చేసిన) బోర్డు మీద అక్రిలిక్‌తో మీ మొహం వేసి, చుట్టూ ఇక్కత్ చీర ముక్కలు, చార్మినార్ ప్రింటు, ఎండిన తంగేడు పూలు, ఆధార్ జిరాక్స్, పాత బస్ పాస్, కీబోర్డు మీటలు అంటించారు. చూసినవాళ్లంతా బాగుందంటున్నారు, మీకు మాత్రం స్కూల్ ఛార్టులా అనిపిస్తోంది. పైగా వానలు మొదలయ్యాక గుడ్డ అంచులు లేస్తున్నాయి, బోర్డు కూడా వంగింది.

చాలా ఏళ్లుగా ఇదే పనిలో ఉన్నాను, వారాంతాల్లో పోర్ట్రెయిట్ నేర్పిస్తాను కూడా, కాబట్టి మొహమాటం లేకుండా చెప్తాను.

మీకు అనిపించిందే నిజమమ్మా. పని శుభ్రంగా ఉంది, పోలిక బాగా కుదిరింది, అందుకే బాగుందంటున్నారు. చిక్కల్లా మొహం ఒక పక్క, సామాన్లన్నీ ఇంకో పక్క ఉండిపోవడం. ఒక్కో వస్తువు మీద వేలు పెట్టి, ఇది తీసేస్తే మొహంలో ఏమైనా మారుతుందా అని అడిగి చూడండి. చార్మినార్ తీసేశారు, మొహం అలాగే ఉంది. మీటలు పీకేశారు, అలాగే ఉంది. పూలు, బస్ పాస్, అదే కథ. పెళ్లిలో చదివింపుల బల్ల మీద పేర్లు రాసి పెట్టిన కవర్లలా అవన్నీ పక్కన కూర్చున్నాయి, అంతే. చూసేవాళ్లు ఓహో నేత, ఓహో పాతబస్తీ, ఓహో ఐటీ అని వరసగా చదువుకుని పక్క బొమ్మకు వెళ్లిపోతారు.

ఈ ఊళ్లో ఇలా జరగడం చాలా తేలిక. హైదరాబాద్ అంటే చార్మినార్, తెలంగాణ అంటే పెద్ద బొట్టు, ముదురు రంగు చీర. తోట వైకుంఠం గారికి ఆ బొట్టూ ఆ చీరా బూరుగుపల్లిలో చిన్నప్పటి నుంచీ చూసిన ఆడవాళ్ల దగ్గర్నుంచి వచ్చాయి, ఆయన దశాబ్దాల పాటు ఆ మనుషులతోనే ఉన్నారు. ఇప్పుడు హోటల్ లాబీల్లో వేలాడే నకళ్లకు ఏ ఊరూ లేదు. మీ తంగేడు పూలు కూడా అటు నుంచే వచ్చాయని నా అనుమానం, ఎందుకంటే మీరు ఇంటి గురించి అంత రాశారు గానీ అందులో బతుకమ్మ ఊసే లేదు.

మిక్స్‌డ్ మీడియా అంటే రకరకాల సామాన్లు ఒకచోట చేర్చడం అనుకుంటారు చాలామంది. 1912లో పికాసో ఒక నిశ్చల చిత్రంలో కుర్చీ అల్లిక అచ్చేసిన ఆయిల్ క్లాత్ ముక్క అంటించి చుట్టూ తాడు బిగించాడు, కొలాజ్ చరిత్ర చెప్పేవాళ్లంతా అక్కణ్నుంచే మొదలుపెడతారు. ఆ గుడ్డ ముక్క బొమ్మ పక్కన నిలబడలేదు, బొమ్మలో కుర్చీ అయ్యింది. పోర్ట్రెయిట్‌లోనూ అడగాల్సింది అదే, ఈ పదార్థం మొహాన్ని ఏం చేస్తోంది? చర్మం అవుతోందా, దాస్తోందా, కోస్తోందా, కుడుతోందా, కింద ఉండి మోస్తోందా? ఏదో ఒకటి చేయాలి.

మీ ఇక్కత్ సంగతి చూద్దాం. మీ సామాన్లలో బలమైనది అదే, మీరేమో దాన్ని బోర్డరుగా వాడేశారు. అది ఎలా తయారవుతుందో మీ నాన్నకు నాకంటే బాగా తెలుసు. డిజైన్‌ను ముందు గ్రాఫ్ కాగితం మీద గళ్లలో వేసుకుంటారు. నేయకముందే పోగుకు కట్లు కట్టి రంగులో ముంచుతారు, కట్టు ఉన్నచోట రంగు ఎక్కదు. నేసేటప్పుడు ఆ పోగులు వెంట్రుకవాసి అటూ ఇటూ జరుగుతాయి కాబట్టి డిజైన్ అంచు గీత గీసినట్టు రాదు, కాస్త చెదురుతుంది, ఇక్కత్ అని దూరం నుంచే పోల్చుకునేది ఆ చెదురు వల్లే. ఇప్పుడు మీ మొహాన్నే ఒక డిజైన్ అనుకోండి. గ్రాఫ్ కాగితం తీసుకుని ఒక్కో గడి నింపుతూ కళ్లు, ముక్కు, పెదవులు వేయండి, తర్వాత ఆ కాగితాన్ని సన్నని నిలువు పట్టీలుగా కోసి, ఒక్కోదాన్ని కాస్త పైకో కిందికో జరిపి అంటించండి. మొహం అంచులన్నీ ఇక్కత్‌లా చెదురుతాయి. చీర ముక్క ఒక్కటి కూడా అక్కర్లేదు, అయినా అది నేత ఇంటి మొహమే.

ఇంకో దారి ఆసు. పేక పోగును (నేతలో అడ్డంగా వెళ్లే పోగు) సగం చక్రంలా ఉండే చట్రానికి ఉన్న మేకుల చుట్టూ వరసగా చుట్టుకుంటూ పోవడం, ఇళ్లలో ఆడవాళ్ల పని అది. ఒక్క చీరకు చేతిని అటూ ఇటూ సుమారు 9000 సార్లు ఆడించాల్సి వస్తుందని చెప్తారు. ఆలేరు ప్రాంతం నుంచి వచ్చిన చింతకింది మల్లేశం గారు వాళ్లమ్మ భుజం నొప్పి చూడలేకే ఆ పనికి యంత్రం తయారుచేసి, దానికి ఆమె పేరే పెట్టి లక్ష్మీ ఆసు యంత్రం అన్నారు, 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. మీ నానమ్మ ఆసు పోసేదేమో నాన్నను అడగండి. పోసి ఉంటే మీ దగ్గర ఒక పని ఉంది, వస్తువు కాదు, పని. మీ ఫోటో ప్రింటును చెక్క మీద అంటించి, రెండు అంచుల్లోనూ చిన్న మేకులు వరసగా కొట్టి, మొహం మీదుగా ఒకే పోగును అటూ ఇటూ తిప్పుతూ పోండి. ముందు ఏమీ తెలియదు, తర్వాత మెల్లగా మొహం మసకబారుతుంది, ఇంకా పోతే మీరే కనిపించరు. ఎక్కడ ఆపాలన్నది మీ ఇష్టం, బొమ్మంతా ఆ నిర్ణయంలోనే ఉంది. నన్నడిగితే కళ్ల దగ్గర పోగు పలచగా, నోటి దగ్గర ఒత్తుగా వేసి చూడమంటాను, కానీ అది మీ ఇంటి కథ తెలియకుండా చెప్తున్న మాట.

ఆధార్ జిరాక్స్‌లో కూడా సత్తా ఉంది. మొదట జాగ్రత్త చెప్తాను, నంబరు, క్యూఆర్ కోడ్, అడ్రసు పూర్తిగా తీసేయండి, ప్రదర్శనలో పెట్టాక ఎవరు ఫోన్‌తో ఫోటో తీస్తారో తెలియదు. మీకు కావలసింది ఆ కార్డులో మొహం ఒక్కటే. మనందరికీ ఉన్న ఆ మొహాన్ని మనం ఒప్పుకోం, నవ్వుకుంటాం, కానీ బ్యాంకులోనూ సిమ్ కార్డు షాపులోనూ చెల్లేది అదే. దాన్ని పెద్దది చేసి జిరాక్స్ తీయించండి, ఆ జిరాక్స్‌కు మళ్లీ జిరాక్స్, దానికి మళ్లీ. ప్రతిసారీ మధ్య ఛాయలు పోతూ పోతూ చివరికి నలుపు మచ్చలూ తెల్ల మచ్చలూ మిగులుతాయి, అందులోంచి మీరు ఎప్పుడు మాయమయ్యారో మీరే చూస్తారు. మాయమవడానికి ఒక అడుగు ముందున్న కాపీని అడుగు పొరగా వాడి, దాని మీద మీ చేత్తో మొహం వేయండి. అక్కడ రెండు మొహాలు పోట్లాడుకుంటాయి. మీరు పూసిన రంగు అడుగున ఉన్నదాన్ని ఎంతవరకు కప్పిందో చూసేవాళ్లకు తెలుస్తుంది.

అమ్మ వైపు గురించి మీరు ఒక్క ముక్కే రాసి వదిలేశారు, నాకైతే అసలు ఆసక్తి అక్కడే. మొహం ఎవరికి చూపించాలి, ఎవరు చూడొచ్చు అన్నది ఈ ఊరికి పాత ప్రశ్న. ఆరో నిజాం దగ్గర ఫోటోగ్రాఫర్‌గా పనిచేసిన రాజా దీన్ దయాళ్ 1892లో హైదరాబాద్‌లో పరదా పాటించే ఆడవాళ్ల కోసమే విడిగా స్టూడియో తెరిచాడు, దాన్ని ఒక ఇంగ్లీషు మహిళ నడిపేది, లోపల అంతా ఆడవాళ్లే. అదే కాలంలో మన దేశంలో స్టూడియో ఫోటోలను లేతగా ప్రింటు తీసి వాటి మీద చేత్తో రంగులు వేసేవాళ్లు, చీర అంచూ నగలూ వెనక తెరా కుంచెతో, మొహం మాత్రం దాదాపు కెమెరాదే. మిక్స్‌డ్ మీడియా అనే పేరు రాకముందే మన గోడల మీద అది వేలాడింది. మీ అమ్మమ్మ ఇంట్లో అలాంటి రంగులేసిన ఫోటో ఉందేమో వెతకండి. ఉంటే స్కాన్ చేయించి, అమ్మమ్మ మొహం ఉన్నచోట మీది పెట్టి చూడండి, లేదా ఇంకా మంచిది, మొహం అలాగే ఉంచి బట్టలు, నగలు, వెనక తెర మీవి చేయండి.

అమ్మ ఫోటో వాడే ముందు అమ్మను అడగాలి, ఇది మర్యాద కోసం చెప్తున్నది మాత్రమే కాదు. ఆమె వద్దంటే ఎందుకు వద్దందో అందులోంచి బొమ్మ వస్తుంది, సరే అంటే ఏ ఫోటో ఇస్తుందో చూడండి. మనం కోరుకునే ఫోటో వాళ్లు ఇవ్వరు.

అక్షరాల గురించి ఒక మాట. అమ్మ దక్కనీ మాటలు బొమ్మలో రాయాలనిపిస్తుంది మీకు, నాకైనా అనిపిస్తుంది. నక్కో, హౌ, ఐసా కైకూ, ఇవి తెలుగు లిపిలో రాస్తే చూడ్డానికి సరదాగా ఉంటాయి. కానీ బొమ్మలో అక్షరం పడితే కన్ను ముందు దాన్నే చదువుతుంది, మొహం తర్వాతే. రాయాలనుకుంటే చదవడానికి వీల్లేనంత దగ్గరగా, ఒకదాని మీద ఒకటి పడేలా, జుట్టు ఉన్నచోటంతా నింపేయండి, దగ్గరికొచ్చినవాళ్లకు ఒకటో రెండో పదాలు దొరికితే చాలు. నుదుటి మీద నేనెవరు అని మాత్రం రాయకండి, దయచేసి.

కొందరి పనులు చూడండి, అనుకరించడానికి కాదు, ఎవరు ఏ పదార్థంతో ఏం చేశారో గమనించడానికి. అమృతా షేర్గిల్ 1934లో తనను తాను తాహితీ స్త్రీగా వేసుకుంది, తాహితీ ఎన్నడూ వెళ్లకుండానే. ఆమె చెల్లెలి కొడుకు వివాన్ సుందరం 2001 ప్రాంతంలో, తాత ఉమ్రావ్ సింగ్ తీసిన ఇంటి ఫోటోలను కంప్యూటర్‌లో కలిపి అమృతను మళ్లీ మళ్లీ కూర్చాడు, ఒకే ఫ్రేములో వేర్వేరు వయసుల అమృతలు, తండ్రీ, అద్దాలూ. ఒక మనిషికి రెండు మూడు మొహాలు ఉండటం మీ ప్రశ్నకు దగ్గరే కదా. నైజీరియాలో పుట్టి అమెరికాలో ఉంటున్న ఇంజిడెకా అకున్యిలి క్రాస్బీ అయితే ఇంటి ఆల్బమ్ ఫోటోలు, నైజీరియా పత్రికల బొమ్మలు రసాయనంతో కాగితం మీదికి దించి, మనుషుల బట్టల్లో, గోడల్లో, కొన్నిచోట్ల చర్మంలోనే నింపుతుంది. రెండు దేశాల మధ్య ఉన్న ఇబ్బంది అంతా అక్కడ కనిపిస్తుంది, ఒక్క జెండా లేకుండా. ఇక్కడే చూడాలంటే సాలార్‌జంగ్ మ్యూజియంలో దక్కన్ సుల్తానుల కాలపు దక్కనీ చిత్రాల దగ్గర ఒక మధ్యాహ్నం గడపండి. చాలామంది పక్కకు తిరిగి నిలబడి ఉంటారు, మొహంలో భావం పెద్దగా ఉండదు, వాళ్లెవరో వాళ్ల జామా (పొడవాటి అంగీ), చేతిలో ఉన్న పువ్వో కత్తో చెప్తాయి. అది మీ ఛార్టు పద్ధతే, కానీ ఆ పువ్వు పట్టుకున్న వేళ్లు చూడండి, ఎంత శ్రద్ధ.

ఇప్పుడు చేయాల్సింది. బోర్డు పక్కన పెట్టి, మీ మొహం నలుపు తెలుపు లేజర్ ప్రింట్లు ఏ4 సైజులో ఓ కట్ట తీయించండి. ఒక్కో ప్రింటు మీద ఒక్క పదార్థం, ఒక్క చర్య, అంతకు మించి వద్దు. ఒకటి చింపి అతికించండి, ఒకదాని మీద దారంతో కుట్టండి (కాగితానికి ముందు సూదితో చిల్లులు పెట్టుకోకపోతే చిరుగుతుంది), ఒకటి ముగ్గు పిండితో కప్పి ఊదండి, ఒకదాంట్లో కళ్లు తప్ప అంతా గుడ్డ పెట్టండి. పోలిక అంతా కనుబొమ్మలు, కళ్లు, ముక్కు మధ్య దూరాల్లోనే ఉంటుంది, అది నిలబడితే బుగ్గలూ నుదురూ గడ్డమూ ఎంత ధ్వంసం చేసినా మీరే కనిపిస్తారు. కొత్తవాళ్లు దీనికి ఉల్టా చేస్తారు, కళ్లను ముట్టుకోకుండా ఉంచాలన్న మాట మరిచి వాటి మీదే పూలు పెట్టి, బుగ్గలకు చక్కగా షేడింగ్ ఇస్తారు. ఈ ప్రింట్లు నేల మీద పరిచి చూస్తే ఒకటో రెండో మిమ్మల్ని ఇబ్బంది పెడతాయి, ముచ్చటగా ఉన్నవి పక్కన పెట్టేసి ఆ ఇబ్బంది పెట్టేదాన్ని పెద్దది చేయండి.

ఇక జిగురు. అంచులు లేవడానికి వాన సగం కారణం, మిగతా సగం గంజి. కొత్త గుడ్డలోనూ ఇస్త్రీ చేసిన చీరలోనూ గంజి ఉంటుంది, దాని మీద జిగురు సరిగా పట్టదు. ముక్కను ఉతికి, ఆరబెట్టి, రంగు దిగుతుందేమో తడి తెల్లగుడ్డతో రుద్ది చూశాకే వాడండి. బోర్డుకు జెస్సో (రంగుకు ముందు వేసే తెల్లటి అడుగు పూత) రెండు పూతలు, తర్వాత అక్రిలిక్ మ్యాట్ జెల్ మీడియం (జిగురులా పట్టే, మెరుపులేని అక్రిలిక్ జెల్) పలచగా బోర్డుకూ గుడ్డ వెనకా రెండు వైపులా, మధ్య నుంచి అంచుల వైపు నొక్కుతూ గాలి తీసేసి, పైన బటర్ పేపర్ వేసి బరువు పెట్టి రాత్రంతా వదిలేయండి. ఎండలో పెట్టొద్దు, అంచులు ముందు ఆరి లేస్తాయి. జెల్ ఖరీదెక్కువ అనిపిస్తే ఫెవికాల్ కూడా పనిచేస్తుంది, ప్రాక్టీసుకు నేనూ అదే వాడతాను, కాకపోతే అమ్మాలనుకునే పనికి వద్దు, ఏళ్లు గడిస్తే పసుపెక్కొచ్చు, తడికి మెత్తబడుతుంది. మైదా జిగురు మన వానాకాలంలో బూజుకూ వెండిపురుగులకూ విందు, బైండింగ్ వాళ్లు అందుకే అందులో మైలుతుత్తం కలిపేవాళ్లు, అది విషం, ఇంట్లో పిల్లలుంటే వద్దు. బట్ట మీద కథల బొమ్మలు వేసే చేర్యాల నకాషీ కళాకారులు బట్టకు చింతగింజల జిగురు, తెల్లమట్టి, బంక కలిపి పూత వేస్తారు, ఆ నేల మీద రంగు పలికే తీరు వేరు, ఆసక్తి ఉంటే అక్కడికే వెళ్లి చూడండి.

బోర్డు వంగింది ఎందుకంటే తడి ఒకవైపే తగిలింది. వెనక కూడా ఒక కాగితం అదే జిగురుతో అంటిస్తే రెండు వైపులా లాగి సమానమవుతుంది. కాగితం మీద చేస్తే 300 జీఎస్ఎమ్ (కాగితం మందాన్ని చెప్పే బరువు లెక్క) కంటే తక్కువ వద్దు. ఇంక్‌జెట్ ప్రింటు తడి తగిలితే కారిపోతుంది, లేజర్, జిరాక్స్ కారవు, అందుకే ఫోటో దించడానికి అవే వాడాలి. అద్దంలోలా తిప్పి ప్రింటు తీసి, జెల్ పూసి బోల్తా అంటించి, మర్నాడు తడిపి వేలితో మెల్లగా రుద్దితే కాగితం ఊడి బొమ్మ ఉండిపోతుంది, తెల్లటి పొర మిగిలితే ఆరాక మళ్లీ రుద్దండి. అమ్మమ్మ ఒరిజినల్ ఫోటో మీద ఇదేదీ చేయకండి, పాత నలుపు తెలుపు ఫోటోల పైపూత తడికి జిగటగా అవుతుంది, పోతే పోయినట్టే. వార్తాపత్రిక ముక్కలు కూడా నేరుగా వద్దు, ఆ కాగితం పసుపెక్కి పొడి అవుతుంది, స్కాన్ చేసి మంచి కాగితం మీద ప్రింటు తీసుకోండి. అక్రిలిక్ మీద ఆయిల్ వేయొచ్చు, ఆయిల్ మీద అక్రిలిక్ వేస్తే ఊడుతుంది. ఫ్రేము కట్టేవాళ్లకు అద్దం బొమ్మకు తగలకుండా లోపల గ్యాప్ పట్టీ పెట్టమని గట్టిగా చెప్పండి, చెప్పకపోతే పెట్టరు.

పాత పుస్తకాలు, పటాలు కావాలంటే ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్, పాత ప్రెస్‌ల కాగితం కావాలంటే ఛత్తా బజార్, గుడ్డ ముక్కలకు మీ వీధి టైలర్ చాలు.

ఇప్పుడున్న బోర్డు పారేయాలా అని చివర్లో అడిగారు. వద్దు. లేచిన అంచులు ఊడినంతవరకు పీకేసి, గరుకు కాగితంతో రుద్ది, మొహం వదిలేసి చుట్టూ పలచగా జెస్సో కొట్టండి. ఇక్కత్ నేత గరుకు, జిగురు మరకలు కొన్ని అడుగు నుంచి తెలుస్తూనే ఉంటాయి, వాటిని పూర్తిగా కప్పాలని చూడకండి. మీటలు మాత్రం ముందే పీకాలి, వాటి మీద జెస్సో పట్టదు.